ముంజేతి మీద పదును

జూన్ 4

మిరపకాయకి,

నీ ఉత్తరం అందింది. ఫోను కొనుక్కోమని మళ్లీ రాశావు. నా ఎడమచెవి ఎప్పుడో పోయింది, కుడిచెవి పోయే దారిలో ఉంది. ఇద్దరం చెరో ఊళ్లో నిలబడి అరుచుకోవడం కన్నా కాగితం నయం. రెండుసార్లు చదివితే గాని నాకేదీ ఎక్కదు. కాగితమైతే ఎన్నిసార్లు చదివినా విసుక్కోదు.

షాపు సంగతి అడిగావు. కుర్చీ బాగుంది, అద్దం బాగుంది. కూర్చునేవాళ్లే తగ్గారు. ఈ నెల రోజుల్లో ముగ్గురికి మెడ మీదా గడ్డం కిందా సెగ్గడ్డలు లేచాయి. మొదట బ్యాంకు గుమాస్తాకి, తర్వాత లెక్కల మాస్టారికి, ఇప్పుడు మన పక్క షాపు టైలర్ బావకి. ముగ్గురూ నా దగ్గర గడ్డం గీయించుకునేవాళ్లే కాబట్టి వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. నేను ఊరుకుంటానా. తప్పెక్కడుందో పట్టేశాను. లాండ్రీవాడు నా తువ్వాళ్లను ఊరందరి బట్టలతో కలిపి నానబెడుతున్నాడు. మొన్న పదిమందిలో వాణ్ని కడిగేశాను. వాడు నోరు మెదపలేదు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడు.

టైలర్ బావ గడ్డ మెడ వెనక, కాలరు తగిలే చోట లేచింది. నిమ్మకాయంత ఉంది. మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి మాట్లాడేవాడు. "నన్ను చూసి ఎవరో పెద్ద ఆఫీసరు అనుకుంటున్నారు బావా, అందరూ నమస్కారాలు పెడుతున్నారు" అన్నాడు. ఒంట్లో ఎంత బాధ ఉన్నా వాడి నోటికి సెలవు లేదు. కుర్చీలో కూర్చోబెట్టాను. కత్తి మంట మీద కాల్చి గడ్డకు నోరు చేసి, రెండు బొటనవేళ్లతో మూలం దాకా పిండాను. చీము, ఆ తర్వాత నెత్తురు. పైన పటిక రుద్దాను. మా నాన్న చేసే పద్ధతి ఇదే. వాడు పళ్లు బిగపట్టి, "మెడ నీ చేతిలో పెట్టాను, తర్వాత నీ ఇష్టం" అన్నాడు. నలభై ఏళ్లుగా రోజూ పొద్దున మిషను మీద గుడ్డ తీసేముందు నా దగ్గర గీయించుకుని వెళతాడు. కొత్తగా పెట్టిందేముంది.

నా ఎడమ ముంజేతి మీద నాలుగు పొక్కులు లేచాయి. వేడి చేసి ఉంటుంది. పట్టించుకోవాల్సిన పని లేదు.

నేను బాగానే తింటున్నానని మీ అమ్మకు చెప్పు. లేకపోతే పెట్టె సర్దుకుని వచ్చి నా నెత్తిన కూర్చుంటుంది.

తాతయ్య


జూన్ 9

తాతయ్యకు,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగడం మర్చిపోయాను.

నేను ల్యాబులో ఏం చేస్తానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. "రక్తం పరీక్ష చేస్తుంది" అని నువ్వు అందరికీ చెబుతావు, నేను సరేననుకున్నాను. ఇప్పుడు చెబుతాను, రెండుసార్లు చదువు. రోగి గడ్డలోంచి తీసిన చీమును చిన్న గాజుపళ్లెంలో, గడ్డకట్టిన ఎర్రటి జావలాంటి దాని మీద గీస్తాం. వెచ్చటి పెట్టెలో ఒక రోజు ఉంచితే అక్కడ చుక్కలు లేస్తాయి. లేత బంగారు రంగు. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తుంది. దాని పేరు స్టాఫిలోకాకస్. సెగ్గడ్డల్లో చాలావరకు అదే ఉంటుంది.

అది ఎక్కడి నుంచో ఊడిపడేది కాదు తాతయ్యా. లోకంలో ప్రతి ముగ్గురు మనుషుల్లో ఒకరి ముక్కులో అద్దెకున్నట్టు ఉంటుంది. చర్మం చెక్కుచెదరనంత వరకు ఎవరి జోలికీ పోదు. ఒక్క గీత పడితే చాలు, లోపలికి దిగుతుంది. అప్పుడు ఒళ్లు దాని మీదకి తెల్లకణాలను పంపి, చుట్టూ గోడలా కట్టేస్తుంది. ఆ గోడ లోపల కొట్టుకుని చచ్చిన రెండు పక్షాలూ కలిసిందే చీము. గడ్డను వేళ్లతో పిండితే కొంత బయటికి వస్తుంది. మిగతాది గోడ పగులగొట్టుకుని లోపలికి పోతుంది. రక్తంలో పడిందంటే అది ఎక్కడైనా కాపురం పెట్టగలదు. ఎముకలో, గుండె కవాటంలో, వెన్నులో. టైలర్ తాతయ్యకు జ్వరం గాని, చలి గాని ఉందా? ఉంటే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇంకొకటి. నా చిన్నప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి నన్ను కూర్చోబెట్టి జుట్టు కత్తిరించేవాడివి కదా. అప్పుడు అద్దంలో నిన్నే చూస్తుండేదాన్ని. ప్రతి మనిషికీ ముందు కత్తిని నీ ఎడమ ముంజేతి మీద ఒక్కసారి నడిపి, వెంట్రుకలు రాలితేనే గడ్డానికి ఆనించేవాడివి. ఇప్పటికీ అలాగే చేస్తున్నావా? నువ్వు రాసిన పొక్కులు సరిగ్గా ఆ చోటే ఉన్నాయి. అక్కడ లేచింది కత్తికి అంటుకుని, కత్తి నుంచి మిగతావాళ్లకు పోతోందేమోనని నా భయం. నువ్వు కూడా ఒకసారి చూపించుకో. అంతవరకు కత్తి పక్కన పెట్టు. లాండ్రీ ఆయనను ఏమీ అనకు.

కోప్పడతావని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

నీ మిరపకాయ


జూన్ 14

అమ్మాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, అయిదుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది ఒకటే మాట. మా తాత మురికివాడు.

పొద్దున లేవగానే స్నానం చేస్తాను, షాపు మూశాక మళ్లీ చేస్తాను. నా గోళ్లలో ఎవడైనా మట్టి చూపిస్తే షాపు వాడికి రాసిస్తాను. ముక్కులో పురుగు అద్దెకుంటుందట. అదీ బంగారు రంగు పురుగు. మీ అమ్మమ్మ ఉండాల్సింది, ఇన్నేళ్లు ఇంట్లో బంగారం లేదని సాధించింది, ముక్కులోనే దాచుకున్నావా అని అడిగేది.

కత్తి సంగతి ఎత్తావు కాబట్టి విను. నా చేతి మీద చూడకుండా ఒక్కడి గొంతు మీద కత్తి పెట్టలేదు. కత్తికి గండి ఉంటే ముందు నా చర్మం తెగుతుంది, ఆ తర్వాతే ఎదుటివాడిది. మా నాన్న చేతి మీద ఆ చోట వెంట్రుక పెరిగి ఎరగదు. నా చేతి మీదా అంతే. ఈ వీధిలో ఎవడూ నా షాపులో కన్ను మూసుకోవడానికి భయపడలేదంటే ఆ చెయ్యి చూసే. ఆ పక్క వీధిలో బ్లేడు మార్చే కత్తులవాళ్లు ముగ్గురున్నారు. కాగితం చింపడం, బ్లేడు దూర్చడం, గీయడం, పారేయడం. అది పనా? నువ్వు చదువుకున్నావు. ఆ చదువుకు ముందు నిన్ను పెంచిన చెయ్యి ఇదే. దానికి పురుగు పట్టిందని రాయడానికి నీ పెన్నుకు సిరా ఎలా వచ్చింది.

టైలర్ బావకు గడ్డ మానింది. మెడ తిరుగుతోంది. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉందంటాడు, నడుం నొప్పి అంటాడు. నలభై ఏళ్లు మిషను తొక్కినవాడికి నడుం కాక మరేం నొప్పి పుడుతుంది? ఇటుక కాచి కాపడం పెట్టుకోమన్నాను. పెట్టుకుంటున్నాడు. నిన్న మిట్టమధ్యాహ్నం శాలువా కప్పుకుని కుడుతున్నాడు. "ఏం బావా, పెళ్లిచూపులా" అంటే, "చలి బావా, పిల్ల నచ్చితే చెబుతాలే" అన్నాడు. ముసలితనం. నీ లెక్కలో అదీ పురుగే అయి ఉంటుంది.

ఇలాంటివి ఇక రాయకు.

మీ అమ్మ తండ్రి


జూన్ 17

తాతయ్యా,

ఇది కొరియరులో పంపుతున్నాను. చదవగానే చెప్పులేసుకో.

పిండిన గడ్డ, ఎండలో చలి, నడుం నొప్పి. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి కనబడితే మా దగ్గర ఎవరూ కూర్చోరు, పరిగెడతారు. నీ ఉత్తరం అందగానే టైలర్ తాతయ్యకు ఫోను చేశాను. ఎత్తాడు. మాట ముద్దగా ఉంది. ఆసుపత్రికి వెళ్లమన్నాను. "నడుం నొప్పేనమ్మా, మీ తాత కాపడం పెట్టుకోమన్నాడు, తగ్గుతుందన్నాడు" అన్నాడు. ఎంత చెప్పినా అదే మాట. ఫోను నీకివ్వమంటే, వాడికి వినబడదన్నాడు. "వాడు వెళ్లమంటే వెళతాను" అన్నాడు చివరికి. నా చదువంతా కలిపినా నీ ఒక్క మాటకు సరిపోలేదు. కాబట్టి ఆ మాట నువ్వే చెప్పాలి.

నన్ను తర్వాత తిట్టు. ముందు ఆయన్ని ఆటో ఎక్కించు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. పోయిన ఏడాది మా ల్యాబులో అందరి ముక్కులూ పరీక్షించారు. నా ముక్కులోనూ అదే వచ్చింది. అప్పుడే పుట్టిన పిల్లల వార్డుకు నేను రోజూ వెళ్లేదాన్ని. అయిదు రోజులు రావద్దన్నారు, ముక్కులో రాసుకోవడానికి మందిచ్చారు. రోజుకు ఇరవైసార్లు చేతులు కడుక్కునేదాన్ని నేను. శుభ్రానికీ దానికీ సంబంధం లేదని మెషిన్‌లా అందరికీ చెప్పేదాన్నీ నేనే. అయినా ఆ అయిదు రోజులూ గదిలోంచి బయటికి రాలేదు. ఏ పిల్లను ముట్టుకున్నానో, ఏ పిల్లకు ఏమైందోనని ఒకటే లెక్క. ఎవరికీ ఏమీ కాలేదు. నీకు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు నీ ఉత్తరం చదివాక తెలిసింది. సిగ్గుపడటం నేను నీ దగ్గరే నేర్చుకున్నాను.

వెళ్లు తాతయ్యా.

మిరపకాయ


జూన్ 22

మిరపకాయకి,

కొరియరు మనిషి వచ్చేటప్పటికి లెక్కల మాస్టారికి జుట్టు కత్తిరిస్తున్నాను. నిలబడే చదివాను. మాస్టారిని సగం తలతో వదిలేసి పక్కకు వెళ్లాను.

మిషను నడుస్తోంది. బావ కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి. సూది కింద గుడ్డ లేదు. దారం ఒక్కటే పైకీ కిందకీ పోతోంది. నేను భుజం పట్టుకుంటే చొక్కాలోంచి నా చెయ్యి కాలింది. "ఎవరిది కుడుతున్నావు" అన్నాను. "నీదే బావా, చేతులు పొట్టిగా వస్తున్నాయి" అన్నాడు.  "పద, ఆసుపత్రికి" అన్నాను. మారుమాట లేకుండా లేచాడు. లేచి నిలబడలేకపోయాడు. నేనూ మాస్టారూ చెరో రెక్క పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టాం.

నూట నాలుగు జ్వరం. రెండు చేతుల నుంచీ రక్తం తీశారు. రెండు రోజులకు అక్కడి డాక్టరమ్మ వచ్చి చెప్పింది. నువ్వు రాసిన పేరే చెప్పింది. రక్తంలో ఉందట, వెన్నుపూసల మధ్య దిగి చీము పట్టించిందట. ఇంకో రెండు రోజులు కాపడం పెట్టుకుంటూ కూర్చుంటే కాళ్లు పడిపోయేవంది, లేకపోతే మనిషే పోయేవాడంది. ఇప్పటికీ గండం గడిచిందని చెప్పలేనంది.

"ఆ గడ్డను ఎవరు చీల్చారు" అని అడిగింది. నేను మంచం పక్కనే ఉన్నాను.  బావ కళ్లు తెరవకుండానే, "నేనే గిల్లుకున్నానమ్మా, దురద ఆగలేదు" అన్నాడు. మెడ వెనక గడ్డ, వాడెలా గిల్లుకుంటాడు. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. వెళుతూ వెళుతూ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, నర్సును పిలిచి, ముక్కులో ఒక దూదిపుల్ల, పొక్కుల మీద ఒక దూదిపుల్ల రాయించి పరీక్షకు పంపింది. నేను వద్దనలేదు.

వీధిలో ఇప్పుడు గుసగుసలు కావు, పైకే అంటున్నారు. నా షాపు ముందు నడిచేవాళ్లు అటు పక్కకు తిరిగి నడుస్తున్నారు. అందుకే ఒకటి అడుగుతాను. నువ్వు పెద్ద ల్యాబులో ఉన్నావు. నా షాపులో దోషం ఏమీ లేదని ఒక కాగితం రాసి, కింద ముద్ర వేసి పంపు. అద్దం పక్కన అంటిస్తాను. నేను ఎవరినీ ఏదీ అడగలేదు ఇన్నేళ్లలో. నిన్ను ఇది అడుగుతున్నాను.

తాతయ్య


జూన్ 27

తాతయ్యకు,

టైలర్ తాతయ్యను చూస్తున్న డాక్టరుగారితో నిన్న చాలాసేపు మాట్లాడాను. గుండెకు స్కాను చేశారు, గుండె బాగుంది. అది చాలా పెద్ద మాట, నువ్వు తేలిగ్గా తీసుకోకు. నరంలోంచి మందు ఎక్కిస్తున్నారు. ఒకటి రెండు రోజులు కాదు, ఆరు వారాలు ఎక్కించాలి. ఎముకలో దాక్కున్నది తొందరగా బయటికి రాదు. జ్వరం తగ్గగానే ఇంటికి పోతానని ఆయన గొడవ చేస్తాడు. చేయనివ్వకు.

నీ పరీక్షలు కూడా వచ్చాయి. నీ ముక్కులో ఉంది, చేతి మీద ఉంది. ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావదో ప్రతిదానికీ ఒక పట్టిక వేస్తాం. నీ పట్టికా, ఆయన రక్తం పట్టికా పక్కపక్కన పెడితే ఒక్క గీత తేడా లేదు. అంతమాత్రాన కోర్టులో నిలిచే రుజువు కాదది. కానీ నువ్వు నన్ను అడిగావు కాబట్టి, నేను నమ్ముతున్నదేమిటో చెబుతున్నాను. అది నీ కత్తి మీదుగానే వెళ్లింది.

కాగితం రాయలేను తాతయ్యా. నా సంతకం కింద రోజూ ముప్పై నలభై కాగితాలు వెళతాయి. వాటిని నమ్మి డాక్టర్లు మనుషుల ఒంట్లోకి మందు ఎక్కిస్తారు. నీకోసం ఒక్కటి అబద్ధం రాస్తే, మర్నాటి నుంచి మిగతావాటి మీద సంతకం పెట్టలేను. నువ్వైనా పదును లేదని తెలిసిన కత్తి ఎవరి మీదా పెట్టవు కదా.

పదును నీ ఒంటి మీద చూసుకోవడంలో దురుద్దేశం లేదని ఈ లోకంలో అందరికంటే నాకు బాగా తెలుసు. మీ నాన్న కాలంలో ఇది ఎవరికీ తెలియదు. నీకు చెప్పినవాళ్లు లేరు. కానీ ఇప్పుడు చెప్పేశాను, ఇక తెలియదని అనలేవు. డాక్టరుగారు ఇచ్చిన మందు రోజుకు రెండుసార్లు ముక్కులో రాసుకో, అయిదు రోజులు. దాంతోపాటు ఇచ్చిన ఎర్రసబ్బునీళ్లతో తల నుంచి కాళ్ల దాకా స్నానం చెయ్యి. పటిక ముక్క, కత్తి నూరే తోలుపట్టా, బ్రష్షులు పారెయ్యి. తువ్వాళ్లు మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరెయ్యి. గుమాస్తాగారికీ మాస్టారికీ చెప్పి చూపించుకోమను.

టైలర్ తాతయ్యకు చెప్పాలా వద్దా అన్నది నేను చెప్పను.

అమ్మ నీ దగ్గరికి బయలుదేరతానంటోంది. నేనే ఆపాను. ఎన్నాళ్లు ఆపగలనో తెలియదు.

మిరపకాయ


జూలై 12

మిరపకాయకి,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. పది రోజుల పైనే రాయలేదు కూడా. కోపంతో కాదు. ఏం రాయాలో తెలియక.

షాపు మూశాను. నువ్వు చెప్పినవన్నీ పారేశాను. తోలుపట్టా మా నాన్నది. పారేయలేక కాల్చేశాను. ముక్కులో మందు అయిదు రోజులూ రాసుకున్నాను. ఎర్రసబ్బు వాసనకు నా ఒళ్లు నాకే ఆసుపత్రిలా ఉంది. పొక్కులు మానాయి. మళ్లీ దూదిపుల్ల పెట్టి చూశారు, ఏమీ లేదన్నారు. గుమాస్తా ఇంటికీ, మాస్టారి ఇంటికీ వెళ్లి చెప్పాను. గుమాస్తా తలుపు సగమే తెరిచాడు. మాస్టారు మాత్రం, "మిగతా సగం తల ఎప్పుడు" అన్నాడు.

లాండ్రీవాడి దగ్గరికి వెళ్లాను. ఇస్త్రీ చేస్తున్నాడు. పొరపాటు నాదే అన్నాను. ఇస్త్రీ పెట్టె ఆపకుండా, "ఆ రోజు పదిమందిలో అన్నావు పెద్దాయనా, ఇప్పుడు ఒంటరిగా వచ్చి చెబుతున్నావు" అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. బయటికి వచ్చి, టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లందరినీ పిలుచుకెళ్లి, వాడి షాపు ముందు నిలబెట్టి చెప్పాను. గడ్డలు నా కత్తి వల్ల లేచాయి, ఇతని నీళ్లలో దోషం లేదు అని. నాకు వినబడదు కాబట్టి నేను గట్టిగా మాట్లాడతాను. వీధి చివరి దాకా వినబడే ఉంటుంది. వాడు అప్పుడు పెట్టె పక్కన పెట్టి, "కూర్చో, టీ తాగి వెళ్లు" అన్నాడు.

అది తేలిక పని. కష్టమైనది బావకు చెప్పడం. రోజూ ఆసుపత్రికి వెళుతున్నాను, రోజూ రేపు చెబుదామనుకుంటున్నాను. నిన్న చెప్పాను. నా చేతి మీద ఉన్నదే నీ వెన్నులోకి వెళ్లిందని చెప్పాను. వాడు పడుకునే నవ్వాడు. "నలభై ఏళ్లుగా నీ నోట్లోంచి వచ్చేదంతా వింటున్నాను, చేతిలోంచి వచ్చింది ఒక లెక్కా" అన్నాడు. నేను కూడా నవ్వి అక్కడితో ఆపేయొచ్చు. ఆపేద్దామనుకున్నాను. కానీ నీ సంతకం సంగతి గుర్తొచ్చింది.

ఇంకోటి ఉంది బావా, అన్నాను. నా మనవరాలు ముందే రాసింది. జ్వరం వస్తే ఒక్క పూట ఆగొద్దని రాసింది. ఆ ఉత్తరం నా జేబులో ఉండగానే నీకు కాపడం పెట్టుకోమన్నాను.

"ఎన్నాళ్ల ముందు వచ్చింది" అన్నాడు.

ఆరు రోజులు, అన్నాను.

"ఆరు రోజులు నేను చలికి వణుకుతుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావా."

నన్ను మురికివాడంటోందని కోపం వచ్చింది, అన్నాను. పైకి చెబుతుంటే ఎంత చిన్న మాటగా ఉందో నాకే వినబడింది.

 వాడు గోడవైపు తిరగబోయాడు, నడుం సహకరించలేదు, తల మాత్రం తిప్పుకున్నాడు. "గడ్డ కోసినందుకు డాక్టరమ్మ దగ్గర నిన్ను కాపాడాను. అది నేను అడిగి చేయించుకున్నది. ఇది నాకు తెలిసుంటే కాపాడేవాణ్ని కాదు. వెళ్లు" అన్నాడు.

వచ్చేశాను. నువ్వు చెప్పను అన్నది మంచిదే అయింది. చెప్పమని ఉంటే నీ మీద తోసేసేవాణ్ని.

తాతయ్య


జూలై 16

తాతయ్యకు,

ఆయన వెళ్లమన్నది గదిలోంచి. ఆసుపత్రిలోంచి కాదు. వరండాలో బెంచీ ఉంటుంది.

మందు ఎక్కిస్తున్నంతసేపూ ఎవరో ఒకరు బయట ఉన్నారని తెలిసిన రోగులు తొందరగా కోలుకుంటారని నేను ఎక్కడా చదవలేదు. అయినా వెళ్లి కూర్చో.

మొన్న ల్యాబులో ఒక పళ్లెం చూస్తుంటే నువ్వు కాల్చేసిన తోలుపట్టా గుర్తొచ్చింది. దాని మీద కత్తి నూరే చప్పుడు వింటూ నేను కుర్చీలో కునుకు తీసేదాన్ని. నీకు చెప్పాలనిపించింది, అంతే.

నీ మిరపకాయ


ఆగస్టు 1

మిరపకాయకి,

పద్నాలుగు రోజులు ఆ బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున వెళ్లడం, చీకటి పడకముందే రావడం. లోపలికి పోలేదు. బావ కోడలు వస్తూ పోతూ నాకు సంగతులు చెప్పేది. జ్వరం లేదు, లేచి కూర్చున్నాడు, నాలుగడుగులు వేశాడు, నర్సు చొక్కా కుట్టు చూసి వంకలు పెట్టాడు. నా సంగతి మాత్రం అడగలేదట. నేనూ ఏమీ చెప్పమనలేదు.

ఇవాళ పొద్దున నర్సు బయటికి వచ్చి, "గడ్డం గీసే పెద్దాయన మీరేనా" అంది. అవునన్నాను. "ఇక్కడ గీసేవాడు గోడకు సున్నం గీకినట్టు గీకుతున్నాడట. మీరు వస్తే రమ్మన్నారు, రాకపోతే పెంచుకుంటారట" అంది.

చేతులు ఎలా కడుక్కోవాలో ఆ నర్సు నాకు నేర్పింది. యాభై ఏళ్లు చేతులతో బతికినవాడికి నేర్పడానికి ఏముందని ఒకప్పుడైతే అనేవాణ్ని. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మోచేతుల దాకా. రెండోసారి మళ్లీ కడగమంది. కడిగాను. బ్లేడు మార్చే కత్తి ఒకటి కొత్తది తెచ్చి పెట్టుకున్నాను, ఎందుకు కొన్నానో నాకే తెలియదు. బ్లేడు కాగితం బావ ఎదురుగానే చింపాను. వాడు చూశాడు. మనిషి సగమయ్యాడు, మిరపకాయా. దవడ ఎముకలు బయటికి వచ్చాయి. గడ్డం మొత్తం తెల్లగా ఉంది, ఇంత తెల్లగా ఉందని రోజూ గీసేవాడిని నాకే తెలియదు.

నురగ పెట్టాను. ఆ కత్తికి బరువు లేదు, చేతికి పట్టు దొరకలేదు. చిన్నగా మొదలుపెట్టాను. వాడు కళ్లు మూసుకున్నాడు. ఎడమ చెంప, దవడ, గొంతు కింద. నలభై ఏళ్లలో నా కుర్చీలో ఒక్కరోజు నోరు మూసుకుని గీయించుకున్నవాడు కాడు. నోరు కదలకుండా ఉండమని ఎన్నిసార్లు తిట్టానో లెక్క లేదు. ఇవాళ ఒక్క మాట లేదు. ఇంకా కోపంగానే ఉన్నాడనుకున్నాను. కుడి చెంపకు వచ్చేసరికి తల నా అరచేతిలోకి బరువుగా వాలింది. దవడ జారింది. చూస్తే నిద్రపోయాడు. కత్తి ఇంకా వాడి గొంతు దగ్గరే ఉంది.

కత్తి తీసి పక్కన పెట్టాను. చెయ్యి మాత్రం తీయలేదు. తర్వాత ఆ కోడలు వచ్చి మెల్లిగా దిండు జరిపితే తీశాను. నర్సు వచ్చి, తొందరగా కానివ్వండి, డాక్టరుగారు వస్తారు అంది. కాసేపు ఆగమ్మా అన్నాను. నేను మెల్లిగానే అన్నాననుకుంటాను. వాడు లేవలేదు కాబట్టి మెల్లిగానే అని ఉంటాను.

ఆ మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. కుడి చెంప మీద నురగ ఎండిపోయింది. లేచాక మళ్లీ తడిపి పెట్టాలి. లేచి ఏమంటాడో నాకు తెలియదు. ఏమన్నా అననీ.

తాతయ్య